కోడ్ చూసి పార్టు కొనవద్దు: ఇంటి స్కానర్‌తో కారు ఇంజిన్ లోపాన్ని నిర్ధారించే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మాకు ఆంధ్ర వైపు పాతపట్నం కూతవేటు దూరం. అయినా కారు ఇంజిన్‌కు ఒక సెన్సార్ కావలసి వస్తే శ్రీకాకుళానికో, విశాఖపట్నానికో, కాకపోతే బరంపురానికో ఫోన్ చేసి, డబ్బు ముందుగా పంపి, బస్సు పార్శిల్ కోసం ఎదురు చూడవలసిందే. గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు స్థిరపడిన తెలుగువారి పరిస్థితి కూడా ఇంతే. తెప్పించిన పార్టు బిగించాక లోపం అది కాదని తేలితే, ఎలక్ట్రికల్ సామాను కనుక దుకాణదారు దానిని సాధారణంగా వెనక్కి తీసుకోడు. డబ్బూ పోతుంది, నాలుగు రోజులూ పోతాయి, ఇంజిన్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

రెండేళ్ల కిందట మా పెట్రోలు కారుకు అదే జరిగింది. ఒక గ్యారేజీలో స్కానర్ పెట్టగా పి0171 అనే కోడ్ వచ్చింది. "కోడ్ వచ్చింది కదా గురువుగారూ, ఆక్సిజన్ సెన్సారే పోయింది, మార్చేద్దాం" అన్నారు. మార్చారు. మూడో రోజు సాయంత్రం ఇంటికి వస్తూ ఉండగా లైటు మళ్లీ వెలిగింది. అప్పుడు నేను సొంతంగా ఒక చిన్న స్కానర్ కొనుక్కుని, అది చూపే అంకెలకు అర్థం ఏమిటో నేర్చుకోవడం మొదలుపెట్టాను. కోడ్ అనేది ఇంజిన్ కంప్యూటర్ ఇచ్చే ఫిర్యాదు మాత్రమే. ఫిర్యాదు అందగానే ఒకరిని దోషి అనలేము కదా, విచారణ జరగాలి. ఆ విచారణ ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో, ఎలా జరపాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఏ కారుకు, ఏ స్కానర్

ఇంజిన్ కంప్యూటర్ తన ఫిర్యాదులను స్కానర్‌కు చెప్పే పద్ధతికి ఓబీడీ-2 అనే ఉమ్మడి ప్రమాణం ఉంది, అది అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో భారత్ స్టేజ్-4 (బీఎస్-4) కాలుష్య నిబంధనలలో భాగంగా 2010 ఏప్రిల్‌లో ఓబీడీ-1, 2013 ఏప్రిల్‌లో ఓబీడీ-2 అమలులోకి వచ్చాయి. కాబట్టి మీ కారు 2013 తర్వాతది అయితే సాధారణ స్కానర్ చాలావరకు దానితో మాట్లాడగలదు. అంతకు ముందు కార్లలో 16 పిన్నుల సాకెట్ కనిపించినా, లోపల కంపెనీ సొంత భాష నడుస్తూ ఉండవచ్చు. అలాంటి వాటికి ఇంటి స్కానర్ కొన్నిసార్లు పలుకుతుంది, కొన్నిసార్లు పలకదు.

ఇళ్లలో వాడే స్కానర్లలో ఎక్కువ భాగం అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవిగా ఉండే బ్లూటూత్ పరికరాలు. వీటికి మూలం ఈఎల్ఎం327 అనే చిప్. మార్కెట్లో చౌకగా దొరికేవి దాదాపు అన్నీ దాని నకళ్లే. నకలు అయినంత మాత్రాన పనికిరాదని అనలేము గాని, కొన్ని నకళ్లు కొత్త కార్లలో కంప్యూటర్ సమాచారం పంపే క్యాన్ అనే పద్ధతిని మాత్రమే చదివి, పాత కార్లలోని కె-లైన్ పద్ధతి దగ్గర ఆగిపోతాయి. అందుచేత కొనే ముందు మీ కారు మోడల్‌కు అది పనిచేసిందని చెప్పగలిగిన మనిషి దొరికితే మంచిది. ఐఫోన్ వాడేవారు మామూలు బ్లూటూత్ పరికరం కొంటే అది ఫోన్‌కు కలవదు. వారు వైఫైతో గాని, బ్లూటూత్ ఎల్ఈతో గాని పనిచేసేదానిని అడిగి తీసుకోవాలి. ఫోన్‌లో టార్క్, కార్ స్కానర్ వంటి యాప్ ఒకటి ఉంటే సరిపోతుంది. దీనితో పాటు మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి తప్పకుండా ఉంచుకోవాలి, ఎందుకంటే స్కానర్ చెప్పిన మాట నిజమో కాదో తేల్చేది చాలా సందర్భాలలో అదే.

వారంటీలో ఉన్న కారు జోలికి పోకుండా షోరూమ్‌కే తీసుకువెళ్లడం మంచిది. ఎర్ర రంగులో ఆయిల్ లైటు గాని, ఉష్ణోగ్రత లైటు గాని వెలిగితే స్కానర్ కోసం వెతకకుండా వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి. నారింజ రంగు ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతూ ఉంటే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. అదే లైటు మెరుస్తూ ఆరుతూ ఉంటే ఇంజిన్ తీవ్రంగా మిస్ అవుతోందని, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది కనుక, అలా ఇంకో పది కిలోమీటర్లు నడిపితే ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే చిన్న కాయిల్‌తో పోవలసిన ఖర్చు కన్వర్టర్ దాకా పాకుతుంది.

తగిలించే ముందు, తగిలించాక

సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్లకు పైన, ఫ్యూజుల పెట్టె దగ్గరలో ఉంటుంది. అందులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, 4వ పిన్ను బాడీ ఎర్త్. స్కానర్ తగిలించినా దాని దీపం వెలగకపోతే స్కానర్‌ను తప్పుపట్టకుండా, ముందు ఈ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసి, అది లేకపోతే ఆ ఫ్యూజు చూడండి. కొన్ని కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌కూ దీనికీ ఒకే ఫ్యూజు ఉంటుంది.

తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, స్కానర్‌ను ఫోన్‌కు కలపండి. జత కలిపే అంకె అడిగితే చాలా పరికరాలకు 1234 గాని 0000 గాని సరిపోతుంది. కోడ్ చదవడానికి ముందే బ్యాటరీ వోల్టేజీ చూసే అలవాటు చేసుకోవాలి. రాత్రంతా నిలిచి ఉన్న కారులో, తాళం తిప్పక ముందు, 12.4 నుంచి 12.6 వోల్టుల దాకా ఉండాలి. సెల్ఫ్ కొట్టే సమయంలో 9.6 కంటే కిందికి దిగకూడదు. ఇంజిన్ నడుస్తూ ఉండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే, అయితే కొత్త కార్లలో కొన్ని అవసరాన్ని బట్టి ఇంతకంటే తగ్గించి లేదా పెంచి ఛార్జ్ చేస్తాయి. బ్యాటరీ నీరసించిన కారులో ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు కోడ్‌లు ఒకేసారి కనిపించడం మామూలే. వాటి వెంట పడితే రోజంతా వృథా అవుతుంది.

ఇక కోడ్. మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేర్‌బాక్స్‌కు సంబంధించినది, బి అయితే బాడీ, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వగైరా, యు అయితే కంప్యూటర్ల మధ్య మాటలు తెగినట్టు. తర్వాత అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత అర్థం. కనుక పి1తో మొదలయ్యే కోడ్‌కు వేరే కంపెనీ కారు అర్థం చదువుకుని మోసపోవద్దు. ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన బి కోడ్ కనిపిస్తే చదివి ఊరుకోండి, పసుపు రంగు కప్లర్లను, అంటే వైర్లు కలిపే జాయింట్లను, ఇంట్లో ముట్టుకోకూడదు.

యాప్‌లో కోడ్‌లు రెండు మూడు పేర్లతో కనిపిస్తాయి. ఖాయమైన కోడ్ అంటే లైటు వెలిగించినది. పెండింగ్ కోడ్ అంటే కంప్యూటర్ ఒకసారి అనుమానించి, మరొక ప్రయాణంలో కూడా అదే జరిగితే ఖాయం చేద్దామని ఆగినది. లైటు వెలగకపోయినా నెలకు ఒకసారి పెండింగ్ కోడ్‌లు చూసుకునేవారికి రాబోయే లోపం ముందుగానే తెలుస్తుంది. కనిపించిన ప్రతి కోడ్‌ను, దాని పక్కన ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్‌ను కాగితం మీద రాసుకోవాలి, లేదా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఆ పని ముగిసేదాకా చెరిపే బటన్ మీద చేయి వేయవద్దు, ఎందుకంటే ఒక్క నొక్కుతో కోడ్‌తో పాటు సాక్ష్యం అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఫ్రీజ్ ఫ్రేమ్ చెప్పే కథ

కోడ్ ఖాయమైన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత బరువు లాగుతోంది, ఎంత వేడిగా ఉంది అనే వివరాలను కంప్యూటర్ ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. దానినే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. గ్యారేజీలలో దీనిని తెరిచి చూసేవారు నాకు తక్కువగా కనిపించారు. నా దృష్టిలో మాత్రం కోడ్ కంటే విలువైనది ఇదే.

మా బావగారు సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్తూ ఉండగా ఆయన కారు గుంజుకుని, లైటు మెరిసింది. బండి పక్కకు తీసి, చక్రం కింద రాయి పెట్టి, ఇంజిన్ చల్లారేదాకా ఆగి, తర్వాత మెల్లగా వెళ్లారు. ఇంటికి తిరిగి వచ్చాక కారు ఐడ్లింగ్‌లో నున్నగా నడుస్తోంది, ఏ చప్పుడూ లేదు. కోడ్ పి0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం 24 కిలోమీటర్లు, ఆర్‌పీఎం 2,300, లోడ్ 93 శాతం, కూలెంట్ 96 డిగ్రీలు. ఆ నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంజిన్ బాగా వేడెక్కి, రెండో గేరులో, ఎక్సలేటర్ దాదాపు పూర్తిగా తొక్కి, ఎత్తు ఎక్కుతూ ఉండగా మాత్రమే మిస్ అయిందని తెలుస్తుంది. సిలిండర్‌లో గాలి, పెట్రోలు ఎక్కువగా నిండి ఒత్తిడి పెరిగినప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనపడిన కాయిల్ గాని, అరిగిన ప్లగ్గు గాని మైదానంలో నెట్టుకొచ్చి ఘాట్‌లో చేతులెత్తేస్తుంది. పర్లాకిమిడి వీధుల్లో ఎన్ని చుట్లు తిప్పినా ఆ లోపం బయటపడదు.

కాయిలా, ప్లగ్గా అన్నది పైసా ఖర్చు లేకుండా తేలుతుంది. ప్రతి సిలిండర్ మీదా విడిగా కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, ఇంజిన్ కట్టేసి, తాళం తీసి, చల్లారాక, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానిలోకి, మూడో దానిని రెండో దానిలోకి మార్చి బిగించండి. చాలా ఇంజిన్లలో బెల్టు ఉన్న వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడతారు. తర్వాత కోడ్ చెరిపి, లోపం ఎక్కడ కనిపించిందో అలాంటి ఎత్తు మీదనే మళ్లీ నడపాలి. ఈసారి పి0303 వస్తే లోపం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది కనుక కాయిలే దోషి. పి0302 అక్కడే ఉండిపోతే ప్లగ్గులను అదే విధంగా మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్ కంప్రెషన్ పరీక్షించవలసిన దశ వస్తుంది, దానికి గ్యారేజీ సాయం కావాలి. బావగారి కారులో కోడ్ మూడో సిలిండర్‌కు మారింది. ఒక్క కాయిల్ తెప్పించాము, నాలుగు కాదు. కాయిల్ పైకి తీసినప్పుడు ప్లగ్గు గుంటలో నీరు గాని, ఆయిల్ గాని ఉందేమో టార్చి వేసి చూడండి. వానాకాలంలో, లేదా ఇంజిన్ మీద నీళ్లు కొట్టి కడిగించిన తర్వాత వచ్చే మిస్సింగ్‌కు చాలాసార్లు కారణం ఆ నీరే.

కదిలే అంకెలను చదవడం

లైవ్ డేటా అంటే ఇంజిన్ నడుస్తూ ఉండగా సెన్సార్లు చెప్పే మాటలు. యాప్‌లో వందల వరుసలు ఉంటాయి గాని, మొదట కూలెంట్ ఉష్ణోగ్రత, మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ఒత్తిడి లేదా గాలి ప్రవాహం, రెండు ఫ్యూయల్ ట్రిమ్‌లు (పెట్రోలు లెక్కకు కంప్యూటర్ చేసే సవరణలు) చూస్తే చాలు. ఎక్కువ వరుసలు తెరిస్తే చౌక స్కానర్ మందగించి అంకెలు ఆలస్యంగా మారతాయి.

మా కారు పి0171 సంగతి ఈ ట్రిమ్‌ల వల్లనే తేలింది కనుక వాటిని వివరంగా చెబుతాను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సార్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి గాలి ఎక్కువైందో, పెట్రోలు ఎక్కువైందో చెబుతూ ఉంటే, కంప్యూటర్ తన లెక్కకు కొంత కలుపుతూ, కొంత తీస్తూ సరిచేసుకుంటుంది. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ ట్రిమ్, అలవాటైపోయి గుర్తుపెట్టుకున్న సవరణ లాంగ్ ట్రిమ్. రెండూ కలిపితే ప్లస్ 10కి, మైనస్ 10కి మధ్య ఉండడం సాధారణం. పి0171 అంటే కంప్యూటర్ ఎంత పెట్రోలు కలిపినా గాలి పాలే ఎక్కువగా కనిపిస్తోందని ఫిర్యాదు. ఆ మాట చేరవేసినది ఆక్సిజన్ సెన్సార్. వార్త తెచ్చినవాడినే మార్చి పంపించారు ఆ గ్యారేజీలో.

నేను ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో చూస్తే లాంగ్ ట్రిమ్ ప్లస్ 22 ఉంది. ఎక్సలేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టి ఉంచితే ప్లస్ 6కు దిగింది. ఈ తేడాయే జవాబు. ఐడ్లింగ్‌లో గాలి దారికి తలుపులాంటి థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉండి మేనిఫోల్డ్ గాలిని గట్టిగా పీలుస్తుంది. అప్పుడు ఒక చిన్న పగులు గుండా దొంగతనంగా చొరబడే గాలి, మొత్తం గాలిలో పెద్ద వాటా అవుతుంది. ఆర్‌పీఎం పెరిగి అసలు దారిలో గాలి వెల్లువలా వస్తే ఆ పగులు వాటా చిన్నదైపోతుంది. దీనికి వ్యతిరేకంగా, ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగుండి, లోడ్ పెరిగినకొద్దీ పెరుగుతూ పోతే పెట్రోలు పంపు, ఫిల్టరు బలహీనపడ్డాయా, గాలిని కొలిచే సెన్సార్‌కు మురికి పట్టిందా అని చూడాలి.

అర మీటరు పాత రబ్బరు పైపు ముక్క తీసుకుని, ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను తిరిగే బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉంచుతూ ఒక్కొక్క గొట్టం వెంట నడిపించాను. ఇన్‌టేక్ మేనిఫోల్డ్ వెనుక, పైనుంచి కనిపించని వంపులో, పాము బుసలాంటి శబ్దం వినిపించింది. చేత్తో తడిమి చూస్తే వేలి లావు గొట్టం అడుగున గోరు దిగేంత చీలిక. దాని మీద వేలు పెట్టి అదమగానే ఫోన్‌లో షార్ట్ ట్రిమ్ కళ్ల ముందే కిందికి జారింది. ఆ గొట్టం ముక్క పర్లాకిమిడిలోనే దొరికింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మా కారులో గాలిని నేరుగా కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్ ఉంది కనుక లెక్కకు అందని గాలి ట్రిమ్‌లో కనిపించింది. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఎంఏఎఫ్ ఉండదు, మేనిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే ఎంఏపీ సెన్సార్ మాత్రమే ఉంటుంది. పగులు గుండా వచ్చిన గాలి కూడా మేనిఫోల్డ్‌లోనే చేరి ఒత్తిడిని పెంచుతుంది కనుక, అలాంటి కారు దానికి తగ్గ పెట్రోలు తానే పోసుకుంటుంది. అప్పుడు ట్రిమ్ పెద్దగా మారదు. ఐడ్లింగ్ ఆర్‌పీఎం ఉండవలసిన దానికంటే పెరగడం, 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉండవలసిన ఒత్తిడి ఇంకా పైకి పోవడం దాని గుర్తులు. అలాగే ఇథనాల్‌కు తన బరువుకు 9 పాళ్ల గాలే చాలు కాబట్టి, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోసిన పాత కారులో ట్రిమ్ కొన్ని పాయింట్లు ప్లస్ వైపు జరగడం సహజం, దానిని లోపంగా లెక్కించవద్దు.

ఘాట్ రోడ్ల మీద తిరిగే మనకు ఎంఏపీ సెన్సార్‌ను పరీక్షించే తేలిక మార్గం ఒకటి ఉంది. తాళం ఆన్‌లో ఉంచి ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అది బయటి వాతావరణ ఒత్తిడినే చూపాలి. పర్లాకిమిడిలో దాదాపు 100 కిలోపాస్కల్ చూపే సెన్సార్, సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో 91 దగ్గర చూపాలి. రెండు చోట్లా ఒకే అంకె చూపితే దానిని నమ్మలేము. ఇదే లెక్క ప్రకారం కోరాపుట్‌లో టర్బో లేని ఇంజిన్‌కు దాదాపు పదో వంతు గాలి తక్కువ అందుతుంది కనుక, కొండమీద పికప్ కొంచెం తగ్గడం రోగం కాదు. పికప్ తగ్గిందని అక్కడి గ్యారేజీలో ఇంజెక్టర్లు కడిగించుకుని వచ్చినవారు నాకు తెలుసు.

కూలెంట్ అంకెకు కూడా ఘాట్ రోడ్డే మంచి పరీక్ష. వేడెక్కిన ఇంజిన్ 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. చలికాలం ఉదయం పొట్టంగి నుంచి సుంకి వైపు గేరులోనే దిగుతూ ఉంటే ఇంజిన్‌లోకి పెట్రోలు దాదాపు పోదు, చల్లగాలి రేడియేటర్‌ను కొడుతూ ఉంటుంది. థర్మోస్టాట్ బాగుంటే మూసుకుని వేడిని నిలుపుతుంది. అంకె 70 కంటే కిందికి జారిపోతూ ఉంటే థర్మోస్టాట్ తెరిచిన స్థితిలో ఇరుక్కుందని అర్థం. పి0128 కోడ్ వచ్చేది చాలావరకు ఇందువల్లే. చూసే పని పక్కన కూర్చున్నవారికి అప్పగించండి, ఘాట్ దిగుతూ డ్రైవర్ ఫోన్ చూడకూడదు.

ఎలుక కొరికిన వైరు

కళ్లాల్లో వరి నూర్పిళ్లు అయ్యాక చేలల్లో తిండి కరువై ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. రాత్రిపూట వెచ్చగా ఉండే ఇంజిన్ వాటికి మంచి చోటు. అందుకే సెన్సార్ పోయిందని కోడ్ చెప్పినప్పుడల్లా నేను ముందు వైరును అనుమానిస్తాను.

ఒకరోజు మా పక్కింటివారి కారులో రేడియేటర్ ఫ్యాను తాళం తిప్పగానే ఆగకుండా తిరగసాగింది. కోడ్ పి0118. లైవ్ డేటాలో, చేయి పెట్టలేనంత వేడిగా ఉన్న ఇంజిన్‌కు కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు అని ఉంది. మైనస్ 40 కనిపిస్తే అది ఉష్ణోగ్రత కాదు, సెన్సార్ దాకా పోయే దారి తెగిందని కంప్యూటర్ చెప్పే పద్ధతి. అసలు వేడి తెలియక, ఇంజిన్‌ను కాపాడడానికి అది ఫ్యానును ఆపకుండా తిప్పుతోంది.

సెన్సార్ తప్పా, వైరు తప్పా తేల్చడానికి ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, సెన్సార్ కప్లర్ ఊడదీసి, కప్లర్ వైపు ఉన్న రెండు పిన్నులను సన్నని తీగముక్కతో కలపాలి. అంకె ఒక్కసారిగా 130 దాటి పైకి ఎగిస్తే కంప్యూటర్ నుంచి కప్లర్ దాకా వైరు బాగుంది, సెన్సారే పోయింది. మైనస్ 40 దగ్గరే నిలిచిపోతే వైరు తెగింది. రెండు పిన్నుల ఉష్ణోగ్రత సెన్సార్‌కు మాత్రమే ఈ పద్ధతి వర్తిస్తుంది. మూడు పిన్నుల సెన్సార్లలో ఒకదానికి 5 వోల్టుల సరఫరా ఉంటుంది కనుక అక్కడ పిన్నులు కలిపితే కంప్యూటర్ దెబ్బతినవచ్చు. వాటికి మల్టీమీటర్ పెట్టి ఒక పిన్నులో 5 వోల్టులు, ఒకదానిలో ఎర్త్ వస్తున్నాయా అని చూడడంతో సరిపెట్టుకోవాలి.

పక్కింటివారి కారులో అంకె కదలలేదు. వైరు కట్టను కప్లర్ నుంచి వెనక్కి తడుముకుంటూ పోతే, బ్యాటరీ కింద క్లిప్పు దగ్గర, నల్లటి తొడుగులో మినపగింజంత రంధ్రం, లోపల రాగి తీగ పచ్చబడి రెండు ముక్కలు. చుట్టూ వరిపొట్టు. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుడితే రెండు వానలకే చెమ్మ చేరి మళ్లీ తెగుతుంది. తుప్పు పట్టిన మేరకు కత్తిరించి, టంకం వేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగితే నిలుస్తుంది. ఒకేసారి మూడు నాలుగు సెన్సార్ల కోడ్‌లు వచ్చినప్పుడు కూడా అవన్నీ ఒకే రోజు పాడయ్యాయని నమ్మకుండా, వాటికి ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, ఎర్త్ బోల్టు, 5 వోల్టుల లైను చూడాలి.

డీజిల్ బండ్ల విషయం

డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గుల నిప్పు లేదు, ట్రిమ్‌లు కూడా సాధారణంగా కనిపించవు. అక్కడ చూడవలసినది రైల్ ఒత్తిడి, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలోని ఒత్తిడి. ఐడ్లింగ్‌లో ఇంచుమించు 250 నుంచి 350 బార్ ఉంటుంది. యాప్‌లో కోరిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి అని రెండు వరుసలు దొరికితే అవి వెంట వెంట నడవాలి. ఎత్తు మీద కోరినది పెరిగి, వచ్చినది వెనకబడి, పి0087 వస్తే ముందుగా డీజిల్ ఫిల్టరు మార్చి, అందులోంచి నీరు వదలండి. ఒడిశా వైపు ధర తక్కువని క్యాన్లలో నింపి ఇంట్లో నిలవ పెట్టిన డీజిల్‌లో నీరు చేరడం మన సరిహద్దు ఊళ్లలో తరచుగా చూస్తాము. పంపు, ఇంజెక్టర్ల మాట ఆ తర్వాతే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అందులో మసి కాలడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. రోజూ ఇంటికీ బజారుకీ మధ్య తిరిగే బండికి ఆ వేడి రాదు కనుక మసి పేరుకుందని చెప్పే పి2463 వస్తుంది. కోడ్ చెరిపితే మసి పోదు. మొదటి హెచ్చరిక దశలోనే టెక్కలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, అరగంట పాటు నిలకడగా 60 నుంచి 80 వేగంతో నడిపితే చాలావరకు తానే శుభ్రపడుతుంది. హెచ్చరికను వారాల తరబడి పట్టించుకోకపోతే గ్యారేజీ స్కానర్‌తో బలవంతంగా కాల్పించవలసి వస్తుంది.

మరమ్మతు అయ్యాక

లోపం సరిచేశాకే కోడ్ చెరపాలి. చెరిపినప్పుడు కంప్యూటర్ తాను చేసుకున్న స్వీయపరీక్షల ఫలితాలను, నేర్చుకున్న ట్రిమ్‌లను కూడా మరచిపోతుంది. అందుచేత మొదటి రోజు ఐడ్లింగ్ కొంచెం అటూ ఇటూ ఊగితే కంగారు పడవద్దు. యాప్‌లో రెడీనెస్ అనే చోట ఒక్కొక్క పరీక్ష పూర్తయిందా లేదా కనిపిస్తుంది. అవన్నీ పూర్తి కావడానికి చల్లటి ఇంజిన్‌తో ఉదయం బయలుదేరి, కొంత ఊళ్లో ఆగుతూ, కొంత రోడ్డు మీద నిలకడగా నడిపే ప్రయాణాలు కొన్ని రోజుల పాటు చేయాలి. ఆ పరీక్షలు ముగిసి, పెండింగ్‌లో కూడా ఏ కోడ్ లేకపోతేనే మరమ్మతు కుదిరినట్టు. వాడిన కారు కొనేవారు కూడా లైటు వెలగడం లేదని సంతోషించకుండా ఈ రెడీనెస్ చూడాలి. అన్ని పరీక్షలూ అసంపూర్తిగా ఉన్నాయంటే అమ్మేవారు ఈ మధ్యనే కోడ్‌లు చెరిపి గాని, బ్యాటరీ తీసి గాని ఉంటారు.

తేదీ, కిలోమీటర్లు, కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు, చేసిన పని ఒక చిన్న పుస్తకంలో రాసి డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి. కారు బాగున్న రోజున ఐడ్లింగ్‌లో వచ్చే ట్రిమ్, ఒత్తిడి, వోల్టేజీ కూడా అందులో రాసి ఉంటే, రేపు లోపం వచ్చినప్పుడు పోల్చి చూడడానికి మీ బండి లెక్కే మీ చేతిలో ఉంటుంది. గ్యారేజీకి వెళ్లవలసి వచ్చినా ఆ పుస్తకం చూపిస్తే, తెలుగు రాని ఒడియా మెకానిక్‌కు కూడా అంకెలు అర్థమవుతాయి, పరీక్షించిన భాగాన్ని మళ్లీ విప్పడు. పని ముగిశాక స్కానర్‌ను సాకెట్‌లో వదిలేయకుండా తీసి అదే అరలో పెట్టండి. 16వ పిన్నులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది కనుక, పది రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి అది బ్యాటరీని దించేయవచ్చు.